పవారణ లేని నాయకత్వం

మన సంస్థలు నాయకత్వ శిక్షణ శిబిరాలు పెట్టడం ఈ మధ్య బాగా పెరిగింది. సంతోషమే. యువతీ యువకులను రెండు మూడు రోజులు ఒకచోట కూర్చోబెట్టి తరగతులు నడుపుతున్నారు. అయితే ఆ తరగతుల పట్టిక ఒకసారి చూడండి. ఉపన్యాసం ఎలా మొదలుపెట్టాలి, సభను ఎలా అదుపులో ఉంచాలి, ప్రత్యర్థి ప్రశ్నకు దీటుగా ఎలా జవాబివ్వాలి, పత్రికా ప్రకటన ఎలా రాయాలి. అంతా నోటికీ చేతికీ సంబంధించిన పనే. చెవికి పని చెప్పే తరగతి దాదాపు ఉండదు. ఎక్కడైనా ఉంటే అది కంపెనీ మేనేజర్లకు చెప్పే పాఠంలోంచి దించుకున్నది: ఎదుటివాడి కళ్ళలోకి చూడు, నడుమ నడుమ తల ఊపు, అతని మాటనే మళ్ళీ అతనికి అప్పజెప్పు. ఆ పాఠం సంగతి తర్వాత చూద్దాం.

మేం అనదలచిందేమిటో ముందే చెప్పేస్తాం. తెలుగు నేల మీద ధమ్మోద్యమం ఎదగవలసినంత ఎదగలేదు. అందుకు కులవ్యవస్థ కారణం, రాజ్యం కారణం, డబ్బు లేకపోవడం కారణం. ఇవన్నీ నిజమే, రోజూ చెప్పుకుంటున్నవే. చెప్పుకోని కారణం ఒకటుంది. మన నాయకులు మన జనం మాట వినరు. వినకపోయినా నాయకులుగా కొనసాగడానికి మన సంస్థల్లో ఏ అడ్డూ లేదు. తథాగతుడు తన సంఘంలో ఆ అడ్డు పెట్టాడు. మనం దాన్ని పుస్తకాల్లోనే వదిలేశాం.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో బౌద్ధులు దాదాపు 84 లక్షల మంది. వారిలో 65 లక్షల పైచిలుకు ఒక్క మహారాష్ట్రలోనే ఉన్నారు. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి, శాలిహుండం, బావికొండ ఉన్న మన నేలకు ఆ లెక్కలో దక్కిన చోటు చాలా చిన్నది. గోడ మీద బుద్ధుడి పటం, పక్కన బాబాసాహెబ్ పటం ఉన్న ఇళ్ళు వాడవాడలా ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు జనగణన కాగితంలో బౌద్ధులమని ఎందుకు రాయించలేదు? మన నాయకులను అడిగితే "జనంలో చైతన్యం లేదు" అంటారు. ఆ జనాన్ని ఎప్పుడైనా అడిగారా?

మన సభ ఎలా జరుగుతుందో మనకు తెలుసు. ఏప్రిల్ 14 కావచ్చు, అక్టోబర్ 14 కావచ్చు, బుద్ధ పౌర్ణమి కావచ్చు. ఉదయం పది గంటలకని కరపత్రంలో వేస్తారు. ముఖ్య అతిథి పన్నెండుకు వస్తాడు. త్రిశరణ పంచశీలలు అయ్యాక పేరు పేరునా వేదిక మీదికి పిలవడానికే అరగంట, శాలువాలకు ఇంకో అరగంట. అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి ఉపన్యాసం, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. అన్నం చల్లారిపోతోందని వంటవాళ్ళు కబురు పెట్టేవేళకు "సభికుల్లో ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడవచ్చు" అని ప్రకటిస్తారు. లేచి నిలబడ్డవాడు కూడా, పాపం, వేదిక మీది పెద్దల పేర్లు చదవడంతోనే తన రెండు నిమిషాలూ సరిపెడతాడు. మనం నేర్పింది అదే మరి. వెనక వరుసల్లో పిల్లలను ఒళ్ళో వేసుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి, మాట్లాడకుండానే పోతారు. మర్నాడు వార్తలో మాత్రం మహిళలు పెద్ద ఎత్తున పాల్గొన్నారని ఉంటుంది.

వాళ్ళకు అడగాల్సినవి లేకనా? దీక్ష తీసుకుందామా వద్దా అని సగం మనసుతో ఉన్న ఏ వాడకైనా వెళ్ళి, అరుగు మీద ఒక గంట ఊరికే కూర్చోండి. వాళ్ళే అడుగుతారు. "పిల్లోడి కులం సర్టిఫికెట్ పోతుందా అన్నా? చర్చి కాగితాలుంటే బీసీ-సీ అంటారు గదా, దీనిక్కూడా అంతేనా?" "రేపు మా ముసలాయన పోతే వచ్చి నాలుగు మంచి మాటలు చదివేదెవరు? పాస్టరు గారు అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. మీ భంతే గారు ఎక్కడుంటారు?" "పెద్దపిల్లకు సంబంధాలు చూస్తున్నాం, బౌద్ధులమంటే వచ్చినవాళ్ళు వెనక్కి పోరా?" "పోచమ్మకు కోడిని కొయ్యడం మానేస్తే, వాడలో ఎవరికి జ్వరమొచ్చినా మమ్మల్నే అంటారు. అప్పుడు మా వెనక మీరుంటారా?" వీటిని అజ్ఞానపు ప్రశ్నలని కొట్టిపారేసేవాళ్ళను చూశాం. సంసారం నడిపే మనుషులు మతం మారేముందు అడగవలసిన ప్రశ్నలే ఇవి.

మొదటిదానికి జవాబు అర నిమిషం. 1990లో చట్టం సవరించాక, షెడ్యూల్డు కులాలవారు బౌద్ధులైనా ఎస్సీ హోదా పోదు. క్రైస్తవంలోకి వెళ్ళినవారి పరిస్థితి వేరు. పెళ్ళి నమోదు సంగతీ అంతే. 1955 నాటి హిందూ వివాహ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది కనుక రిజిస్ట్రేషన్‌కు ఇబ్బంది లేదు (ఆ పేరున్న చట్టం కింద మన పెళ్ళిళ్ళు నమోదు కావడం మనకు సమ్మతమా అన్నది వేరే కొట్లాట). చావు ప్రశ్న, సంబంధం ప్రశ్న అంత తేలిగ్గా తీరేవి కావు. వాటికి పిలిస్తే వచ్చే మనుషులు కావాలి, పక్క మండలాల బౌద్ధ కుటుంబాలతో రాకపోకలు కావాలి. మన నాయకుడు ఏం చేస్తాడు? చావు గురించి అడిగిన ముసలమ్మకు పుష్యమిత్ర శుంగుడి గురించి నలభై నిమిషాలు చెబుతాడు. ఆ చరిత్ర తెలియాలి, కాదనం. ఆమె అడిగింది అది కాదు. ఆయన బండెక్కి వెళ్ళిపోయాక ఆమె కొడుకుతో ఒకే మాట అంటుంది: "వీళ్ళు మన చావుకు రార్రా." దీక్ష ఆగిపోయేది అక్కడ. మన నివేదికల్లో మాత్రం అది "చైతన్య లోపం" కింద జమ అవుతుంది.

బుద్ధుడి అనుచరుడికి పాలీలో సావకుడు అని పేరు. అంటే వినేవాడు. ఈ సంగతి మన ఉపన్యాసకులు కూడా చెబుతారు, నాయకుడు చెప్పాలి, అనుచరులు వినాలి అనే అర్థంలో. వినయపిటకం తెరిచి చూస్తే వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ అందరికంటే ఎక్కువ విన్నవాడు బుద్ధుడే. ఒక్కొక్క నియమం వెనక ఎవరో ఒకరి ఫిర్యాదు ఉంటుంది. వానాకాలంలో కూడా భిక్షువులు తిరుగుతూ పచ్చిక తొక్కేస్తున్నారు, చిన్న చిన్న జీవాలను చంపేస్తున్నారు అని జనం గొణిగారు. ఆ గొణుగుడు ఆయన చెవిన పడింది. వర్షావాసం అలా పుట్టింది. రాహులుడికి ఇంట్లో అడగకుండా ప్రవ్రజ్య ఇచ్చారని శుద్ధోదనుడు వచ్చి తన దుఃఖం చెప్పుకున్నాడు. తల్లిదండ్రుల అనుమతి లేనిదే పిల్లలకు ప్రవ్రజ్య ఇవ్వకూడదన్న నియమం ఆ ముసలి తండ్రి బాధలోంచి వచ్చింది. మహాపజాపతి గోతమి స్త్రీలకు ప్రవ్రజ్య కావాలని అడిగితే మూడుసార్లు వద్దన్నాడు. ఆమె జుట్టు తీయించుకుని, కాషాయం కట్టి, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని వైశాలి దాకా నడిచింది. కాళ్ళు వాచి, ఒళ్ళంతా దుమ్ముకొట్టుకుని వాకిట్లో ఏడుస్తూ నిలబడింది. ఆనందుడు ఆమె తరఫున వాదించాడు. తథాగతుడు తన మాట మార్చుకున్నాడు. ఆ అనుమతికి జోడించిన ఎనిమిది షరతుల మీద మనకు వేరే తగువుంది, దాన్ని ఇక్కడికి లాగం. జగత్తుకే శాస్త అనిపించుకున్నవాడు ఒక స్త్రీ పట్టుదల ముందు, ఒక శిష్యుడి వాదన ముందు నిర్ణయం మార్చుకున్నాడని పిటకం దాచకుండా చెబుతోంది. మన సంస్థల మినిట్స్ పుస్తకాలు తిరగేయండి. ఒక మామూలు సభ్యురాలి ఫిర్యాదు వల్ల మారిన తీర్మానం ఒక్కటి కనబడితే మాకు చూపించండి.

వీటన్నిటికంటే మనకు ఎక్కువ పనికొచ్చేది పవారణ. దాని పుట్టుక మన ఉపాసకుల్లో చాలామందికి తెలియదు కనుక కాస్త వివరంగా చెబుతాం. కోసల దేశంలో కొందరు భిక్షువులు ఒకే ఆవాసంలో వర్షావాసం గడపడానికి కుదిరారు. గొడవలు లేకుండా మూడు నెలలు కలిసి ఉండడం ఎలా అని ఆలోచించి ఒక ఉపాయం పట్టారు: అసలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఉందాం. భిక్ష నుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు పరిచి నీళ్ళు పెట్టాలి. చివర వచ్చినవాడు ఊడ్చి సర్దాలి. ఎవరికైనా సాయం కావాలంటే చేత్తో సైగ చేయాలి. అలాగే గడిపారు. ఒక్క తగువూ రాలేదు. వానలు వెళ్ళాక శ్రావస్తికి పోయి, మేం కలిసికట్టుగా, హాయిగా ఉన్నామని బుద్ధుడికి చెప్పారు. ఆయన మెచ్చుకోలేదు. పశువుల్లా కలిసి ఉండి, పైగా హాయిగా ఉన్నామంటున్నారా అని మందలించాడు. ఆ సందర్భంలోనే నియమం పెట్టాడు. వర్షావాసం ముగిసే రోజున ప్రతి భిక్షువూ సంఘం ముందు గొంతుకూర్చుని, చేతులు జోడించి అడగాలి: నా విషయంలో మీరు చూసిందిగాని, విన్నదిగాని, అనుమానించిందిగాని ఉంటే దయతో చెప్పండి, తప్పని తెలిస్తే దిద్దుకుంటాను. మూడుసార్లు అడగాలి. మొదట అడగవలసినవాడు ఆ సంఘంలో అందరికంటే పెద్ద భిక్షువు. చిన్నవాళ్ళ వంతు తర్వాత.

ఇందులో "అనుమానించింది" అన్నచోట ఒక్క క్షణం ఆగాలి. రుజువుంటేనే నోరు తెరువు అంటారు మన నాయకులు. పవారణలో అనుమానం కూడా చెప్పమని పెద్దే చేతులు జోడించి అడుగుతున్నాడు. మన దగ్గర చందా లెక్కల మీద అనుమానం అడిగినవాడికి ఏ పేర్లు పెడతారో మనకు తెలుసు. ఉద్యమ ద్రోహి. ఫలానా పార్టీ ఏజెంటు. చివరికి, ఎంత సిగ్గుచేటు, "వాడి ఉపకులం బుద్ధి చూపించుకున్నాడు."

సంయుత్త నికాయంలో పవారణ పేరుతోనే ఒక సుత్తం ఉంది. శ్రావస్తి పూర్వారామంలో అయిదు వందల మంది అరహంతుల నడుమ కూర్చుని బుద్ధుడు తన సంగతే ముందు అడుగుతాడు: నా చేతల్లోగాని మాటల్లోగాని మీరు తప్పు పట్టేది ఏమైనా ఉందా? ఏమీ లేదని సారిపుత్తుడు జవాబిస్తాడు, వెంటనే తన విషయంలో అదే ప్రశ్న తాను అడుగుతాడు. జవాబు తెలిసిన ప్రశ్న కనుక ఇది లాంఛనమే అనేవాళ్ళున్నారు. మేం ఒప్పుకోం. అడగనక్కరలేని మనిషే అడిగాక, నన్ను అడగడానికి వీల్లేదనే హక్కు ఇంకెవరికి మిగిలింది? మన జిల్లా అధ్యక్షుడికా?

ఆ కోసల భిక్షువుల కాపురమే ఇవాళ మన సంస్థల్లో ఐక్యత పేరుతో నడుస్తోంది. మాదిగ కార్యకర్తకు మాల నాయకత్వం మీద ఉన్న బాధ, ఆడవాళ్ళకు మగ నాయకత్వం మీద ఉన్న బాధ, పల్లె శాఖకు నగరంలోని కమిటీ మీద ఉన్న కోపం అందరికీ తెలుసు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఎవరైనా నోరు విప్పబోతే "ఇది సమయం కాదు, ఐక్యత దెబ్బతింటుంది" అంటారు. సైగలతో సంసారం సాగుతుంది. ఒకరోజు పొద్దున్నే కొత్త లెటర్‌హెడ్, కొత్త రిజిస్ట్రేషన్ నంబరు, అదే అశోక చక్రం. అప్పుడు నాయకుడు ఆశ్చర్యపోతాడు, వెనక ఎవరో కుట్ర చేశారంటాడు.

ఉపాసకులకు కూడా ఒక మాట. కౌశాంబిలో భిక్షువులు రెండుగా చీలిపోయి, సర్దిచెప్పబోయిన బుద్ధుడి మాటే పెడచెవిన పెట్టారు. ఆయన వాళ్ళను వదిలి పారిలేయ్యక వనానికి వెళ్ళిపోయాడు. వాళ్ళను దారికి తెచ్చింది కౌశాంబి ఉపాసకులు. నమస్కారం మానేశారు, భిక్ష పెట్టడం మానేశారు. అంతే. చందా రశీదు పుస్తకం పట్టుకుని ఎవరైనా మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఈ కథ గుర్తు చేసుకోండి.

ఇక కంపెనీ పాఠం దగ్గరికి వద్దాం. వినే నైపుణ్యంలో వస్సకారుణ్ణి మించినవాడు పిటకాల్లో తక్కువ. వజ్జిల మీద యుద్ధం తలపెట్టిన మగధ రాజు అజాతశత్రు ఈ మంత్రిని బుద్ధుడి దగ్గరికి గిజ్ఝకూటానికి పంపాడు. బుద్ధుడు అతని ఎదుటే ఆనందుణ్ణి అడిగాడు: వజ్జిలు తరచుగా సభ చేరుతున్నారా, కలిసి కూర్చుని కలిసి లేస్తున్నారా, పెద్దల మాటకు విలువ ఇస్తున్నారా, ఆడవాళ్ళను బలవంతంగా ఎత్తుకుపోకుండా ఉన్నారా... ఇలా ఏడు. ఇవి ఉన్నంతకాలం వాళ్ళకు పెరుగుదలే తప్ప క్షీణత లేదన్నాడు. వస్సకారుడు ఒక్క మాట జారవిడవలేదు. విన్నదాన్నిబట్టి లెక్క కూడా సరిగ్గానే కట్టాడు: అయితే వీళ్ళను యుద్ధంలో గెలవలేం, మభ్యపెట్టాలి, లేదా ఒకరి మీద ఒకరిని ఎగదొయ్యాలి. శిక్షణ శిబిరంలో బహుమతి ఇవ్వాలంటే మొదటిది ఇతనికే ఇవ్వాలి. ఎన్నికల ముందు మన వాడలకొచ్చి, అందరి కష్టాలూ ఓపిగ్గా విని, ఏ ఇంటికీ ఏ ఇంటికీ పడదో కనుక్కుని పోయేవాళ్ళు అతని వారసులు. అందుకే మేం నైపుణ్యం అడగడం లేదు. విన్నదానికి వినినవాడు కట్టుబడాలి, లేదా ఎందుకు కట్టుబడలేడో విన్నవారి ఎదుట చెప్పాలి. పవారణకూ గూఢచర్యానికీ తేడా అక్కడుంది.

బాబాసాహెబ్ ఈ పద్ధతి పాటించారు. 1935 అక్టోబర్‌లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించారు. ప్రకటించారు గనుక అందరూ వెంట రావాలనలేదు. 1936 మే నెలాఖరులో బొంబాయి దాదర్‌లో తన జనాన్ని మహాసభగా కూడగట్టి, మతం ఎందుకు మారాలో పూసగుచ్చినట్టు చెప్పి, నిర్ణయం వాళ్ళ చేతుల్లో పెట్టారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు గాని నాగపూర్ దీక్షాభూమి రాలేదు. రాజ్యాంగ సభలో ముసాయిదాకు ప్రతిపాదించిన సవరణలు 7,635. అందులో 2,473 సభ ముందుకు వచ్చాయి. జబ్బు ఒంటితో ఆయన వాటికి సమాధానాలిచ్చారు, కొన్ని ఒప్పుకున్నారు, కొన్ని ఎందుకు ఒప్పుకోరో చెప్పారు. 1949 నవంబర్ 25న చివరి ప్రసంగంలో తనను అడుగడుగునా అడ్డుకున్న కామత్, దేశ్‌ముఖ్, సిధ్వా, సక్సేనా, ఠాకూర్ దాస్ భార్గవ, కె.టి. షా, కుంజ్రూలను పేరుపేరునా తలచుకుని ధన్యవాదాలు చెప్పారు. వాళ్ళు లేకపోతే చర్చ చప్పగా ఉండేదన్నారు. మన సంస్థల్లో ఏ నాయకుడైనా తనను వ్యతిరేకించిన సభ్యుడికి మైకులో ధన్యవాదాలు చెప్పగా విన్నవాళ్ళున్నారా? అదే ప్రసంగంలో ఆయన భిక్షు సంఘాల్లో తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు, అభిశంసన ఉండేవని గుర్తు చేశారు. రాజకీయాల్లో భక్తి పతనానికి దారి అని హెచ్చరించారు. ఏటా నవంబర్ 26న ఆ మాట మైకులో చదువుతాం, చదివిన నాయకుడికి దిగగానే గజమాల వేస్తాం.

మాకు ఎదురయ్యే పెద్ద ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయం. తరతరాలుగా మన నోళ్ళు నొక్కారు, ఇప్పటికి మనవాడి చేతికి మైకు వచ్చింది, వచ్చీరాగానే నోరు మూసుకుని వినమంటారేమిటి, అగ్రకులాల నాయకులకు ఈ నీతులు చెప్పరేం అంటారు. మైకు మన చేతికి రావాలి, ఎదుటి శిబిరం మీద ఇంకా గట్టిగా మోగాలి, ఒప్పుకుంటాం. కాని 1920లో బాబాసాహెబ్ పత్రికకు మూక్‌నాయక్ అని పేరు పెట్టింది మూగవాళ్ళకు మాట రావాలని. వాళ్ళ బదులు ఎప్పటికీ ఒక్కడే మాట్లాడుతుంటే వాళ్ళు మూగవాళ్ళుగానే మిగులుతారు, మూత వేసిన చెయ్యి మాత్రం మారుతుంది. అమరావతి స్తూపానికి పూర్ణఘట ఫలకం సమర్పించిన విధికుడు చర్మకారుడు. తన వృత్తి దాచుకోకుండా, తన ఇంటివాళ్ళనూ కలుపుకుని రాతి మీద చెక్కించాడు. ఆనాటి సంఘం ఆ పలక పట్టుకోగలిగింది. మన కరపత్రంలో మాత్రం వాడలో వంట చేసిన తల్లి పేరుకు చోటు చాలదు.

వచ్చే ఆశ్వయుజ పౌర్ణమికి ప్రతి విహార కమిటీ, ప్రతి సంస్థ పవారణ జరపాలని మేం అడుగుతున్నాం. పవారణ భిక్షువులది, ఉపాసకులకు లేదని కొందరు శాస్త్రం తీస్తారు. వినయం భిక్షువులదే. కాని మన పల్లెల్లో భిక్షువులు లేరు, వాళ్ళు చేయవలసిన పనులన్నీ కమిటీలే చేస్తున్నాయి, దండలూ కమిటీలకే పడుతున్నాయి. గౌరవం తీసుకున్నవాళ్ళు బాధ్యత కూడా తీసుకోవాలి.

ఆ రోజు వేదిక కట్టవద్దు. కమిటీ అంతా కింద చాప మీద కూర్చోవాలి. అధ్యక్షుడు ముందు అడగాలి, మూడుసార్లు అడగాలి. మొదట ఆడవాళ్ళు, తర్వాత పల్లె శాఖలవాళ్ళు మాట్లాడాలి. ఆ పూట కమిటీ నుంచి సంజాయిషీలు, చరిత్ర పాఠాలు ఉండకూడదు. చెప్పింది చెప్పినట్టు కాగితం మీదికి ఎక్కాలి. లెక్కల పుస్తకం చాప మీద తెరిచి ఉండాలి. తర్వాతి పౌర్ణమికి అదే కాగితం పైకి చదివి, ఏది మార్చారో, ఏది మార్చలేదో, ఎందుకో చెప్పాలి. ఆ సభలో మాట్లాడినందుకు ఎవరినీ తొలగించబోమని ముందే తీర్మానం చేయాలి. ఇలా జరిపిన చోట్ల నుంచి ఈ పేజీలకు ఉత్తరాలు రాయండి. అధ్యక్ష కార్యదర్శులు సంతకం పెట్టిన నివేదికలు మాకు అక్కరలేదు. ఆ రోజు మాట్లాడినవాళ్ళు రాయాలి, రాయలేకపోతే పక్కింటి పిల్లలతోనైనా రాయించాలి.